ఆ పాట జానపదం కాదు

తాతల కాలంలో నీళ్ల ట్యాంకర్లు ఉండేవా అని ఒకసారి షేర్ ఆటోలో ఒక పెద్దమనిషిని అడిగాను. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడాయన. కూర్చున్న రెండు నిమిషాలకే ఆయన ఫోన్ మోగింది. పిల్లల గొంతుతో నా పాట. ఫోన్ ఎత్తకుండా, పక్కనున్న కాలేజీ అమ్మాయికి వినిపించి, "మస్తు పాతపాట బిడ్డా ఇది. మా నాయనమ్మ పాడుతుండె" అన్నాడు.

ఊరుకుందామనుకున్నాను. నోరు ఊరుకోలేదు. "పాట మొదలే ట్యాంకరొచ్చె అనుంటది గదన్నా. మీ నాయనమ్మ కాలంల ట్యాంకరేడిది?" అన్నాను.

ఆయన గడ్డం గోక్కుని, "అప్పుడు ఎడ్లబండి మీద పీపా పెట్టి తెస్తుండిరేమో" అన్నాడు. ఆటోలో అందరూ ఆయన మాటకే తల ఊపారు. నాకు ఒళ్లు మండి, నేను దిగాల్సిన చోటు రాకముందే రామంతాపూర్‌లో దిగిపోయాను.

ఆ పాటకు నాయనమ్మలెవరూ లేరు. రాసింది నేను. నాచారంలో ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి అందరూ బయట గాలికి నిలబడ్డప్పుడు, డైలాగుల కాగితం వెనక వైపు రాశాను. పావుగంట పట్టింది.

నాచారంలో సినిమాల పని ఉండటం వల్ల చుట్టుపక్కల గల్లీల్లో చిన్న చిన్న డబ్బింగ్ థియేటర్లు వెలిశాయి. అలాంటి ఒకదాంట్లో నా పని ఫెయిర్ కాపీ రాయడం. రచయిత కొట్టేసి, బాణాలు గీసి, అంచుల్లో ఇరికించి ఇచ్చిన డైలాగులను గుండ్రటి అక్షరాల్లో తిరగరాసి మైకు ముందు పెట్టాలి. పనిలో పనిగా పెదాల లెక్క నేర్చుకున్నాను. తెర మీద మనిషి పెదాలు మూస్తే అక్కడ ప, బ, మ లలో ఏదో ఒకటి పడాలి. నోరు బార్లా తెరిస్తే ఆ, సున్నాలా చుడితే ఊ. మాట ఎంత గొప్పదైనా పెదాలకు అతక్కపోతే తీసి పక్కన పెట్టాల్సిందే. రచయితలకు ఇది కోపం తెప్పించేది. నాకు మాత్రం భలే సరదాగా ఉండేది.

ఆ ఎండాకాలం మా థియేటర్‌కు ఒక పిల్లల సినిమా వచ్చింది. నీళ్లు రాని కాలనీ, అందులో పిల్లలు, వాళ్ల బిందెలు, అంతే కథ. దర్శకుడు గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. నిర్మాత ఆయనకు స్వయానా మేనమామ. పాటొక్కటే ఇంకా తీయాల్సి ఉంది. దాన్ని రాయాల్సిన కవిగారు చందమామ, వెన్నెల, తేనెవాగు అంటూ మూడు పేజీలు పంపించారు. దర్శకుడు అవి చదివి తల పట్టుకున్నాడు. "ట్యాంకర్ కోసం కొట్టుకునే పిల్లలు తేనెవాగు గురించి పాడతారాండీ?" అని నన్నడిగాడు. నన్నే ఎందుకడిగాడంటే గదిలో ఇంకెవరూ లేరు.

"మా గల్లీ పిల్లలు ఏమంటరో రాసియ్యనా సార్?" అన్నాను. ఆయన సరేనన్నాడు. నేను రాసిన దాని మొదలు ఇది:

ట్యాంకరొచ్చె ట్యాంకరొచ్చె, బిందె తియ్యవే
దూపయితుంది అవ్వా, నాకు దూపయితుందే
పైపు పట్టి గుంజుదాము, పక్క జరగవే
దూపయితుంది అవ్వా, నాకు దూపయితుందే

బాణీ కట్టే ఆయన అప్పటికప్పుడు బల్ల మీద దరువేశాడు. నాచారంలోనే ఫ్యాక్టరీ పనికి వెళ్లే ఒకామె కూతురు పాడింది. తొమ్మిదేళ్ల పిల్ల, గొంతులో కాస్త జీర. తెర మీద పాడేదీ ఆ పిల్లే. రికార్డింగ్ ఒక్క పూటలో అయిపోయింది. అందరూ బాగుంది, బాగుంది అన్నారు.

షూటింగ్ రోజు నన్నూ రమ్మన్నారు. గల్లీలో ట్యాంకర్ నిలబెట్టారు. రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు, పిల్లలు, గొడుగు కింద కెమెరా. పాట పెట్టగానే ట్యాంకర్ వెనక నుంచి సెట్టు సామాను చూసే ఒకాయన నిప్పుల మూకుడు పట్టుకుని వచ్చి, సాంబ్రాణి చల్లి పొగ వేయడం మొదలుపెట్టాడు. పిల్లలు దగ్గుతున్నారు. ట్యాంకర్ డ్రైవర్ తన బండికేదో అయిందని కిందికి దూకాడు.

నేను పరుగెత్తుకెళ్లి, "ఏందన్నా ఇది?" అన్నాను.

"పాటలో ఉంది కదమ్మా, ధూపం అవుతుందని. ఉత్త అగరొత్తులైతే కెమెరాలో కనపడదని సాంబ్రాణి తెచ్చా" అన్నాడు. పాపం, పొద్దున్నే వెళ్లి పొట్లాలు కొనుక్కొచ్చాడట.

నవ్వీ నవ్వీ అక్కడే అరుగు మీద కూలబడ్డాను. డ్రైవర్ నాకంటే ఎక్కువ నవ్వాడు. "దూపంటే దూప సార్! నీళ్లు తాగబుద్ధయితది సూడు, గది!" అని గొంతు మీద చెయ్యి పెట్టి చూపించాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. దర్శకుడు కూడా ధూపమనే అనుకున్నాడు. బాణీ కట్టినాయనా అంతే. పిల్లలు నీళ్ల కోసం ఏదో పూజ చేస్తున్నారని వాళ్లలో వాళ్లు సర్దిచెప్పుకున్నారు. ఇన్ని రోజులు ఆ మాట విన్నారు, రాశారు, పాడించారు, ఒక్కరూ నన్ను అర్థం అడగలేదు. అడగడం కంటే పొగ వేయడం వాళ్లకు సులువనిపించింది.

నా నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "అయితే దాహం అని మార్చేద్దామండీ. అందరికీ అర్థం కావాలి కదా" అన్నాడు దర్శకుడు.

"అందరంటే ఎవరు సార్?" అన్నాను. "బిందె పట్టుకున్న పిల్లకు అర్థమైంది. డ్రైవర్‌కు అర్థమైంది. కానిది మీకు. మీరొక్కరే అందరా?"

అంత పెద్ద మాట అంటానని నేనూ అనుకోలేదు. కానీ ఆ మాట వెనక నా అయిదో తరగతి ఉంది. మా అమ్మ నల్గొండ వైపు నుంచి నాచారానికి కూలికి వచ్చింది. మా ఇంట్లో దూపే ఉండేది, దాహం పుస్తకాల్లో ఉండేది. ఒకరోజు క్లాసులో లేచి, "సార్, దూపయితుంది" అన్నాను. కొత్తగా వచ్చిన సారు, "ఏ దేవుడికమ్మా?" అన్నాడు. క్లాసంతా విరగబడి నవ్వింది. సారు చెడ్డవాడేం కాదు, ఏదో సరదాకి అన్నాడు. కానీ నేను ఆ రోజు నీళ్లు తాగలేదు. ఆ సంవత్సరమంతా బడిలో నోరెత్తి నీళ్లడగలేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెంబు ఎత్తి గటగటా తాగేదాన్ని. మా అమ్మ, "బళ్లె నీళ్లు లెవ్వా బిడ్డా?" అనేది. ఉన్నాయని చెప్పడానికి కూడా సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు నాది కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇదంతా దర్శకుడికి చెప్పాను. ఆయన మెత్తగానే విన్నాడు. విని, షూటింగ్ ఆపలేం కనక ఇవాళ్టికి ఇలాగే తీద్దాం, తర్వాత థియేటర్‌లో ఆ ఒక్క మాటా మార్చుకుందాం అన్నాడు.

థియేటర్‌లో మార్చడానికి మూడు రోజులు తంటాలు పడ్డారు. దూ అన్నప్పుడల్లా ఆ పిల్ల పెదాలు సున్నాలా చుట్టుకున్నాయి. దా అనాలంటే నోరు తెరుచుకోవాలి. అదేమో ముఖం నిండా తీసిన షాట్. తెర మీద పిల్ల దీపం ఊదుతున్నట్టు ఉంటుంది, గొంతు మాత్రం దాహం అంటుంది. నేను మూలన కుర్చీలో కూర్చుని చూశాను. సాయం అడిగితే, "లిప్ కుదరదు సార్" అన్నాను. అబద్ధం కాదు. ఎన్నో ఏళ్లు నా పొట్ట నింపిన పెదాల లెక్క ఆ రోజు నా పక్షాన నిలబడింది.

అప్పుడు నిర్మాత వచ్చాడు. మెత్తటి మనిషి కాదు గానీ తెలివైనవాడు. ఆ షాట్లు కోసేసి బిందెలు చూపిస్తే సరిపోతుందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నన్ను పక్కకు పిలిచాడు.

"మాట ఉంచుదాంలేమ్మా. కానీ రచన అని నీ పేరు వేస్తే, ఇదేం భాష, ఈవిడెవరు అని నన్నడుగుతారు. జానపదం అని వేశామనుకో, ఎవరూ అడగరు. జానపదంలో ఎలాంటి మాటైనా చెల్లుతుంది. ఏమంటావు?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పేరు తీసేయండి సార్. మాట మాత్రం ముట్టుకోవద్దు" అన్నాను. ఆ రోజు గెలిచిన మనిషి నడిచినట్టే ఇంటికి నడిచాను. నేనేం ఇచ్చేశానో నాకప్పుడు తెలియలేదు.

సినిమా ఆడలేదు. పాట ఆడింది. ముందు అంగన్‌వాడీల్లో, తర్వాత బడుల్లో, తర్వాత ఫోన్లలో. దమ్మాయిగూడలో ఒక ట్యాంకర్ డ్రైవర్ దాన్ని హారన్‌గా పెట్టుకున్నాడు, వీధిలోకి బండి రాకముందే పాట వచ్చేది. నాకు సంతోషంగానే ఉండేది. ఎక్కడ విన్నా నా చెవి ఆ ఒక్క మాట కోసమే చూసేది. దూప ఉందా? ఉంది. చాలనుకునేదాన్ని. జానపద గీతమని ఎవరైనా అంటే నవ్వుకునేదాన్ని. ఆటోలో ఆ పెద్దమనిషి మాటతో మొదటిసారి ఒళ్లు మండింది. అసలు దెబ్బ మొన్న తగిలింది.

మా ఇంటి పై పోర్షన్‌లో ఉండేవాళ్లు కాకినాడ వైపు వాళ్లు. వాళ్లకు ఒక్కతే పిల్ల, తండ్రికి రైల్వేలో పని. పిల్లకు ఎనిమిదేళ్లు, ఉప్పల్‌లో ఒక బడికి వెళుతుంది, బడి నుంచి వస్తే సగం సాయంత్రం మా వరండాలోనే. ఒకరోజు మెట్లు దిగుతూ పాడుతోంది: ట్యాంకరొచ్చె ట్యాంకరొచ్చె, బిందె తియ్యవే, దాహమవుతోందమ్మా, నాకు దాహమవుతోందే.

చిక్కుడుకాయలు తుంచుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఏందే అది? మళ్లొకసారి పాడు" అన్నాను.

"మా యాన్యువల్ డేకి అమ్మమ్మా. టీచర్ మార్చారు. దూప అంటే ఎవరికీ తెలీదంట, స్టేజీ మీద బాగోదంట" అంది.

"నీకు తెలుసు గదనే."

"నాకు తెలుసు. పైన దాహం, కింద నీ దగ్గర దూప" అంది ఆ పిల్ల, ఇదేం పెద్ద విషయమన్నట్టు.

మర్నాడే బడికి వెళ్లాను. టీచర్ చిన్నమ్మాయి, మల్కాజిగిరి నుంచి వస్తుందట, రెండేళ్లుగా పని చేస్తోంది. నన్ను కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడింది. పాట నేనే రాశానని చెప్పాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి, తర్వాత అనుమానంతో చిన్నవయ్యాయి. "కానీ ఇది జానపదం కదా ఆంటీ. జానపదం ఎవరిదీ కాదు. ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు కదా" అంది.

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఆ టీచరమ్మాయి తప్పేం మాట్లాడింది? మాటను కాపాడటానికి పేరు వదులుకున్నాను. పేరు లేదు కనకనే ఇవాళ మాటను ఎవరైనా తీసేయవచ్చు. దూప వెనక నిలబడి, ఇది నాది, దీన్ని ముట్టుకోకు అనే మనిషి లేకుండా చేసింది నేనే. నిర్మాత చెప్పింది ఇన్నేళ్లకు పూర్తిగా అర్థమైంది. మా మాట పాటలో ఉండొచ్చు, కానీ దాన్ని ఎవరూ రాసి ఉండకూడదు. పేరున్న మనిషి రాస్తే తప్పు, పేరు లేని జనం పాడితే ముచ్చట. నా మీద నాకే కోపం వచ్చింది.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను. జనగామ వైపు మనిషి, కానీ పుస్తకంలో అచ్చయినట్టే మాట్లాడతాడు. "మీరే రాశారనడానికి ఏమైనా ఆధారం ఉందా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. ఆ కాగితం ఏమైందో దేవుడికే తెలియాలి. ఆయన కాసేపు పెన్ను తిప్పి రాజీ చూపించాడు. "సరే. దూప అనే పాడిస్తాం. కార్యక్రమంలో మాత్రం జానపద గీతం అనే ప్రకటిస్తాం. ఆధారం లేకుండా మీ పేరు చెప్పలేం. మీకు కావలసింది ఆ మాటే కదా?"

అదే బేరం. ఇన్నేళ్ల తర్వాత, ఇంకో బల్ల వెనక నుంచి, అదే బేరం.

"కాదు సార్. రెండూ కావాలె. మాటా కావాలె, పేరూ కావాలె" అన్నాను.

"ఏందమ్మా మీరు! మేం అసలు పాటే పాడియ్యం అంటే ఏం జేస్తరు?" అన్నాడాయన. కోపంలో జనగామ బయటికొచ్చింది. ఆయనే గమనించి, గొంతు సవరించుకుని, "ఈ పాటను కార్యక్రమం నుంచి తొలగిస్తున్నాం" అని మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయాడు.

నేను తలెత్తుకునే బయటికొచ్చాను. ఇంటికి వచ్చాక తల దించుకోవాల్సి వచ్చింది. పై పోర్షన్ పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. మూడు వారాలు ప్రాక్టీస్ చేశారట, పచ్చ లంగాలు కూడా కుట్టించారట. నన్ను చూడగానే లేచి పైకి వెళ్లి తలుపేసుకుంది. ఇద్దరు తల్లులు గేటు దాకా వచ్చి, "మీ పంతానికి మా పిల్లల పాట పోయింది" అని మొహం మీదే అనేశారు. పిల్లలకు నేను అన్యాయం చేశాను. అది ఎంత నిజమో, ఆ బేరానికి మళ్లీ ఒప్పుకోననేదీ అంతే నిజం. రెండూ మోసుకుని వారం రోజులు తిరిగాను. ఆ వారం మా వరండాలోకి ఆ పిల్ల రాలేదు.

ఒక సాయంత్రం టీచరమ్మాయి గేటు తీసుకుని వచ్చింది. టీ ఇచ్చాను. సగం తాగి, "ఆంటీ, దూప అన్నా దాహం అన్నా ఒకటే కదా. ఒక్క మాట కోసం ఇంత ఎందుకు?" అంది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ పాట పుట్టినప్పటి నుంచి ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె.

నా అయిదో తరగతి చెప్పాను. నీళ్లడగని ఆ సంవత్సరం చెప్పాను. ఆమె కప్పు కింద పెట్టేసింది. "మా క్లాసులో ఒక పాప ఉంది ఆంటీ. బాటిల్ తెచ్చుకోదు, ఎప్పుడూ నీళ్లు అడగదు. ఎందుకో నేను ఆలోచించలేదు" అంది. మిగిలిన టీ అలాగే వదిలేసి వెళ్లిపోయింది.

యాన్యువల్ డే రోజు నేనూ వెళ్లాను. పాట లేదని తెలుసు. పాడుచేసింది నేనే కనక, అక్కడ కూర్చుని ఆ లోటు కళ్లారా చూడటం నా వంతనుకున్నాను. మూడో వరుసలో కూర్చున్నాను. తల్లులు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నన్ను చూపించుకున్నారు. వినాయకుడి పాట అయింది, ఇంగ్లీషు నాటకం అయింది. తర్వాతి డాన్సు పిల్లలకు కిరీటాలు సరిగ్గా నిలవడం లేదట, స్టేజీ ఖాళీగా ఉండిపోయింది. జనం గోలగోలగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

టీచరమ్మాయి మైకు దగ్గరికి వచ్చింది. చేతిలో కాగితం లేదు. ఆమె వెనకే పచ్చ లంగాలు వేసుకున్న పిల్లలు బిలబిలా వచ్చి నిలబడ్డారు. ముందు వరుసలో ప్రిన్సిపాల్ కుర్చీలోంచి సగం లేచాడు.

"ఇప్పుడు మా పిల్లలు పాడే పాట మీ అందరికీ తెలుసు" అంది ఆమె. "ఇది జానపదం అనుకుంటాం. కాదు. దీన్ని రాసినావిడ ఇక్కడే ఉన్నారు, మూడో వరుసలో. ఆవిడ పేరు..." అని ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది. మా ఇంటికి వచ్చింది, టీ తాగింది, ఆంటీ అని పిలిచింది. పేరు అడగలేదు. నేనూ చెప్పలేదు. మైకులోనే, అందరూ వింటుండగా, "సారీ ఆంటీ, మీ పేరేంటండీ?" అంది.

లేచి నిలబడ్డాను. ప్రిన్సిపాల్ వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు. ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాను.

వెనక ఎక్కడో, గోడకు ఆనుకుని నిలబడ్డ గుంపులోంచి ఒక మగ గొంతు అరిచింది: "వినబడలేదమ్మా! జర గట్టిగ చెప్పుర్రి!"

వెనక్కి తిరిగి, గట్టిగా, మళ్లీ చెప్పాను.